ఇంజనీరింగ్ అధ్యాపకులు ప్రభుత్వ పరిశోధన నిధులను వెతుక్కోవడం ఎలా?

పాఠాలు చెబుతూ పరిశోధన కూడా చేయాలనుకునే ఇంజనీరింగ్ అధ్యాపకుల మధ్య నిధుల ప్రస్తావన రాగానే మొదట వినిపించే ప్రశ్న "ఇప్పుడు ఏ ప్రకటన వచ్చింది?" అన్నదే. ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవారు గడువు ఇంకా పది రోజులుందనగా ప్రకటన చూసి, అందులోని మాటలకు సరిపోయేలా తమ అంశాన్ని సాగదీసి, రాత్రింబవళ్లు కూర్చుని ప్రతిపాదన పూర్తిచేసి పంపుతారు; కొన్ని నెలల తరువాత తిరస్కరణ వస్తే, నిధులు పెద్ద సంస్థలవారికే ఇస్తారన్న నిర్ణయానికి వస్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. కొన్ని ప్రతిపాదనలు నెగ్గి, అంతకంటే ఎక్కువ తిరిగి వచ్చిన తరువాత తెలిసినదేమంటే, మన పరిశోధనాంశం ప్రభుత్వంలో ఎవరి నెత్తిన సమస్యగా కూర్చుని ఉందో ముందు కనిపెట్టాలి, ప్రకటన సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. మన దేశంలో ఇంజనీరింగ్ పరిశోధనకు డబ్బు ఇచ్చేది సైన్సు శాఖ ఒక్కటే అయితే ఈ మాటకు విలువ ఉండేది కాదు. రక్షణ, అంతరిక్షం, అణుశక్తి, విద్యుత్తు, గనులు, ఎలక్ట్రానిక్స్, జలవనరులు, రహదారులు ఇలా దాదాపు ప్రతి శాఖకూ తన అవసరం కోసం పరిశోధన చేయించుకునే ఏర్పాటు ఏదో ఒకటి ఉంది.

అంశాన్ని సమస్యగా తిరగరాసుకోవడం

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సివిల్ విభాగంలో ఒక అధ్యాపకురాలు ఫ్లై యాష్‌తో (బొగ్గు కాలగా మిగిలే మెత్తని బూడిదతో) జియోపాలిమర్ కాంక్రీటు, అంటే మామూలు సిమెంటుకు బదులు ఇలాంటి పదార్థాలతో చేసే కాంక్రీటు మీద పనిచేస్తున్నారనుకుందాం. "జియోపాలిమర్ కాంక్రీటు యాంత్రిక ధర్మాల అధ్యయనం" అని పేరు పెడితే, అన్ని అంశాలకూ తెరిచి ఉండే సాధారణ గ్రాంటు తప్ప ఆ ప్రతిపాదనకు మరో దారి కనిపించదు. అక్కడ అదే రకం పేరుతో వచ్చిన ఎన్నో ప్రతిపాదనల మధ్య అది నలుగుతుంది. ఇప్పుడు అదే పనిని అవతలి వైపు నుంచి చూడండి. బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది కాబట్టి బూడిద చెరువులు విద్యుత్ రంగానికి తీరని తలనొప్పి. బాక్సైటు నుంచి అల్యూమినా తీసిన తరువాత మిగిలే రెడ్ మడ్‌ను ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడేది గనుల, లోహాల రంగం. రహదారి పునాది పొరల్లో సహజ కంకరకు బదులు ఏం వాడవచ్చన్నది రహదారుల శాఖకు పట్టిన ప్రశ్న. ఆమె దగ్గర ఉన్నది అదే ప్రయోగశాల, అవే క్యూబులు, అదే కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్; అయినా ఆమె తట్టగల తలుపులు ఇప్పుడు మూడు నాలుగు అయ్యాయి. బూడిదలో రెడ్ మడ్ కలిపి చూసే ఆలోచన ఆమెకు ఉంటే, గనుల మంత్రిత్వ శాఖ పరిశోధన ప్రతిపాదనల కోసం 2020లో ప్రారంభించిన సత్యభామ పోర్టల్ వైపు ఆమె చూపు వెళ్లాలి. సివిల్ ఇంజనీరింగ్ వారిలో గనుల శాఖ వైపు చూసేవారు తక్కువ కావడం కూడా ఆమెకు కలిసివచ్చే సంగతే.

ఎలక్ట్రికల్ వారికి కూడా ఇదే వరస. సముద్రతీరంలో ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర పేరుకుని, తేమ తగలగానే ఫ్లాష్‌ఓవర్ (ఉపరితలం మీదుగా విద్యుత్తు దూకడం) జరిగి లైను ట్రిప్ కావడం ట్రాన్స్‌మిషన్ సంస్థలకు ఎప్పుడూ ఉండే బాధ. ఇన్సులేటర్ ఉపరితలాల మీద పనిచేసేవారు దీన్ని "పాలిమర్ ఉపరితలాల హైడ్రోఫోబిసిటీ" (నీటిని అంటనివ్వని గుణం) అని మాత్రమే రాస్తే అది పదార్థ శాస్త్రంగా మిగులుతుంది. తీరప్రాంతపు లైన్లలో ట్రిప్పింగులు తగ్గించే మార్గంగా రాస్తే, విద్యుత్ మంత్రిత్వ శాఖ తరఫున పరిశోధన పథకాలను నడిపే బెంగళూరులోని సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు అది తన సొంత విషయంగా కనిపిస్తుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాటలు మార్చినంత మాత్రాన పని మారదు. ఆ శాఖ ఎదుర్కొనే పరిస్థితులను ప్రయోగాల్లో నిజంగా పెట్టగలిగినప్పుడే ఇలా తిరగరాయాలి. ఉప్పు పొగమంచు చాంబరు లేకుండా తీరప్రాంతం గురించి రాసిన ప్రతిపాదనను పరిశీలకులు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఎవరెవరు ఇస్తారు?

అన్ని రంగాలకూ తెరిచి ఉండే ప్రధాన ద్వారం అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023లో పార్లమెంటు చేసిన చట్టం 2024 ఫిబ్రవరి 5 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు 2008 నాటి చట్టంతో ఏర్పడిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు (సెర్బ్) ఇందులో కలిసిపోయింది. 2023 నుంచి 2028 వరకు 50,000 కోట్ల రూపాయల అంచనాతో దీన్ని ప్రతిపాదించారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నది ఉద్దేశం. పాత వ్యాసాల్లో, సీనియర్ల మాటల్లో సెర్బ్ పేర్లే ఇంకా వినిపిస్తుంటాయి కాబట్టి, ఎవరైనా "ఎస్‌ఆర్‌జీకి పెట్టు, సీఆర్‌జీకి పెట్టు" అని సెర్బ్ నాటి స్టార్టప్, కోర్ రీసెర్చ్ గ్రాంట్ల గురించి సలహా ఇస్తే, ఆ స్థానంలో ఇప్పుడు ఏముందో ఏఎన్‌ఆర్‌ఎఫ్ పోర్టల్‌లో చూసుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకు ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు, అనుభవం ఉన్నవారికి అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంటు, గణిత ప్రధానమైన పనికి మ్యాట్రిక్స్, ఎస్సీ ఎస్టీ పరిశోధకులకు ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంటు ఉన్నాయి. పెయిర్ అనే పథకంలో ఒక పెద్ద సంస్థ కేంద్రంగా ఉండి దాని చుట్టూ కొన్ని విశ్వవిద్యాలయాలు జతకడతాయి. మహా పేరుతో వచ్చేవి విద్యుత్ వాహనాల వంటి ఎంచుకున్న రంగాలకు పరిమితం. వయోపరిమితి, ఉద్యోగంలో చేరిన తేదీకి సంబంధించిన నియమాలు ప్రకటన ప్రకటనకూ మారవచ్చు కాబట్టి పాత పీడీఎఫ్ మీద ఆధారపడవద్దు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, ప్రైవేటు కళాశాలల్లో పనిచేసేవారికి నేను మొదట చూపించేది సెర్బ్ కాలం నుంచి వస్తున్న టేర్ పథకం. ఇందులో అధ్యాపకుడు తన ఉద్యోగంలో ఉంటూనే ఐఐటీ, ఎన్‌ఐటీ, ఐఐఎస్‌సీ, సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల వంటి చోట ఏటా కొంతకాలం పరిశోధన చేసుకోవచ్చు. డబ్బు పెద్ద మొత్తం కాకపోయినా, మీ కళాశాలలో లేని పరికరాలు చేతికి అందుతాయి, ఆ సంస్థలో మీ పనిని ఎరిగిన మనిషి ఒకరు ఏర్పడతారు. తరువాతి ప్రతిపాదనలో సహ పరిశోధకుడిగా ఎవరిని పెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. దీన్ని చిన్న గ్రాంటని వదిలేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇక అవసరం కోసం పరిశోధన చేయించుకునే శాఖలు. ఇస్రో నడిపే రెస్పాండ్ కార్యక్రమంలో, ఇస్రో కేంద్రాలకు ఏ ఏ సమస్యల మీద పని కావాలో ఒక జాబితాగా ప్రచురిస్తారు. దాన్ని రెస్పాండ్ బాస్కెట్ అంటారు. ఏ అంశం ఏ కేంద్రానికి చెందినదో, ఏం సాధించాలని ఆశిస్తున్నారో అందులోనే ఉంటుంది కాబట్టి, సమస్యను ఊహించుకోవలసిన పని లేకుండా చేసే అరుదైన పత్రం అది. ఇస్రోకు దరఖాస్తు చేసే ఉద్దేశం లేనివారు కూడా ఒకసారి దాన్ని తీసి చదవాలని నేను కోరుతాను. ఒక సంస్థ తన అవసరాన్ని ఎలా చెబుతుందో అందులో నేర్చుకోవచ్చు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో ఏరోనాటిక్స్, నౌకాదళ, ఆయుధ రంగాలకు విడివిడిగా పరిశోధన బోర్డులు ఉన్నాయి, విద్యాసంస్థలతో కలిసి నడిపే డీఐఏ ఎక్సలెన్స్ కేంద్రాలు 15 ఉన్నాయి. వాటిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉన్నవి తెలుగు రాష్ట్రాలవారికి దగ్గరివి. అణుశక్తి శాఖకు చెందిన పరిశోధన నిధుల బోర్డు బీఆర్‌ఎన్‌ఎస్‌కు ప్రతిపాదన పంపాలంటే ఆ శాఖ యూనిట్లలో పనిచేసే శాస్త్రవేత్త ఒకరు సహకారిగా ఉండాలి. కాబట్టి అక్కడ పరిచయం దరఖాస్తు కంటే ముందు జరగవలసిన పని. డీఆర్‌డీవోలోని టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ మాత్రం పరిశ్రమల కోసం ఉద్దేశించినది, అధ్యాపకులు అందులో పరిశ్రమకు భాగస్వామిగానే రాగలరు. ఈ తేడా తెలియక నేరుగా దరఖాస్తు తయారుచేసుకుని కూర్చున్నవారు ఉన్నారు.

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) నడిపే పెద్ద మిషన్లలో నిధులు చాలావరకు హబ్‌ల ద్వారా, అంటే ఎంపికైన విద్యాసంస్థల్లో పెట్టిన కేంద్రాల ద్వారా వస్తాయి. 2018లో 3,660 కోట్లతో ఆమోదం పొందిన సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ మిషన్ కింద 25 హబ్‌లు ఏర్పడ్డాయి. స్వయంచాలిత వాహనాల మీద పనిచేసే ఐఐటీ హైదరాబాద్‌లోని తిహాన్ వాటిలో ఒకటి. 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ కూడా హబ్‌ల పద్ధతిలోనే నడుస్తోంది. అందువల్ల ఢిల్లీలోని శాఖ వెబ్‌సైటును మాత్రమే చూసేవారికి ఈ హబ్‌లు విడిగా ఇచ్చే ప్రకటనలు కనిపించవు. చిప్ డిజైన్ వారు ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ వైపు, బయోమెడికల్ వారు బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వైపు చూడాలి. విభాగానికి పరికరాలు కావాలంటే డీఎస్‌టీ ఫిస్ట్, ఏఐసీటీఈ మాడ్‌రాబ్స్ ఉన్నాయి. ఇవి విభాగాన్ని, ప్రయోగశాలను బాగుచేసేందుకు ఇచ్చేవి కాబట్టి వ్యక్తిగత పరిశోధన ప్రతిపాదనను వాటికి పంపకూడదు.

ప్రకటన రాకముందు చేయవలసిన పని

ఒక శాఖ ఏం చెబుతుందో ప్రకటనలో తెలుస్తుంది, ఏం చేస్తుందో మంజూరైన ప్రాజెక్టుల జాబితాలో తెలుస్తుంది. వార్షిక నివేదికల్లో, సంస్థల వెబ్‌సైట్లలో ఈ జాబితాలు దొరుకుతాయి. గత మూడేళ్ల జాబితాలను ముందు పెట్టుకుని మీ అంశానికి దగ్గరగా ఉన్న పేర్లను ఒక నోటుబుక్కులో రాసుకోండి. ప్రాజెక్టు పేరు, సంస్థ, మొత్తం, కాలవ్యవధి ఉంటే చాలు. ముప్పై నలభై వరుసలు పూర్తయ్యేసరికి ఆ పథకంలో మామూలుగా ఎంత మొత్తం ఇస్తారో, మీలాంటి సంస్థలకు వస్తున్నాయో లేదో, మీరు చేయాలనుకున్న పని ఇప్పటికే ఎవరికైనా ఇచ్చారో తెలిసిపోతుంది. మీ పనికి చాలా దగ్గరి ప్రాజెక్టు కనిపిస్తే నిరాశ పడవద్దు. ఆ పరిశోధకుడి ప్రచురణలు చదివి, అక్కడ ఆగిపోయిన ప్రశ్న నుంచి మీ ప్రతిపాదనను మొదలుపెట్టవచ్చు. ఆ శాఖకు ఆ విషయం మీద ఆసక్తి ఉందని రుజువైంది కూడా. ఈ ఒక్క పనికి రెండు ఆదివారాలు కేటాయించండి.

తరువాత, మీరు ఎంచుకున్న శాఖకు చెందిన ప్రయోగశాలలో ఆ సమస్య మీద పనిచేసే శాస్త్రవేత్తకు ఉత్తరం రాయాలి. చాలామంది ఇక్కడ తమ బయోడేటా మొత్తం జతచేసి, "మీతో కలిసి పనిచేసే అవకాశం కల్పించగలరు" అని ముగిస్తారు. దానికి జవాబు రాదు, ఎందుకంటే చదివినవారికి ఏం చేయాలో అర్థం కాదు. ఒక పేజీ మించకుండా ఇలా రాయవచ్చు: "గౌరవనీయులైన డాక్టర్ గారికి నమస్కారం. తీరప్రాంతపు ఇన్సులేటర్ల మీద మీ బృందం ప్రచురించిన పత్రం చదివాను. అందులో పొడి వాతావరణపు ఫలితాలు ఉన్నాయి. మా ప్రయోగశాలలోని ఉప్పు పొగమంచు చాంబరులో అవే నమూనాలను పరీక్షించగలం. మొదటి విడత కొలతలు జతచేశాను. ఈ దిశ మీ సంస్థ అవసరాలకు ఉపయోగపడుతుందా, లేక ఇప్పటికే మీ వద్ద ఈ పని జరుగుతోందా తెలియజేయగలరు." ఈ ఉత్తరంలో అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, దానికి రెండు వాక్యాల్లో జవాబు ఇవ్వవచ్చు. "మా వద్ద జరుగుతోంది" అన్న జవాబు వచ్చినా మీకు ఆరు నెలల శ్రమ మిగిలినట్టే. చేతిలో కొన్ని కొలతలైనా లేకుండా మాత్రం ఈ ఉత్తరం రాయకండి. ఎంటెక్ విద్యార్థి థీసిస్ ఫలితాలు నాలుగు గ్రాఫులు ఉన్నా సరిపోతుంది.

సంస్థ నుంచి రావలసిన కాగితాలు

ప్రతిపాదన అధ్యాపకుడిదే అయినా గ్రాంటు సంస్థకు వస్తుంది. అందుకే సంస్థాధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్ ధ్రువపత్రం ఉండాలి. ప్రైవేటు సంస్థ అయితే ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్న గుర్తింపు సంఖ్య అడుగుతారు. కొన్ని శాఖలు కేంద్రంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ (డీఎస్‌ఐఆర్) పరిశోధన సంస్థలకు ఇచ్చే సిరో గుర్తింపు కూడా అడుగుతాయి. నిధులు పీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ ద్వారా నడుస్తాయి కాబట్టి అందులోనూ సంస్థ నమోదై ఉండాలి. వినడానికి ఇవి గుమాస్తా పనుల్లా ఉంటాయి, గడువు ముందు రోజు మాత్రం ప్రతిపాదనను ఆపేవి ఇవే. నేను పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో దర్పణ్ నమోదు విద్యా సొసైటీ పేరు మీద ఉంది, ఎండార్స్‌మెంట్ కళాశాల లెటర్‌హెడ్ మీద ఉంది, బ్యాంకు ఖాతా మూడో పేరుతో ఉంది. ఈ మూడూ ఒకే సంస్థవని నిరూపించే పత్రం సకాలంలో తెచ్చుకోలేక, నాలుగు నెలలు కష్టపడి రాసిన ప్రతిపాదనను ఆ ఏడాది పంపలేకపోయాను. అప్పటి నుంచి ఏ కొత్త సంస్థలో చేరినా మొదటి నెలలోనే అకౌంట్స్ విభాగానికి వెళ్లి ఈ పేర్లు సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను. మీరూ ఈ వారంలోనే ఆ పని చేయండి. పేర్లు వేరుగా ఉంటే రిజిస్ట్రార్ చేత గానీ ప్రిన్సిపల్ చేత గానీ వాటి సంబంధాన్ని తెలిపే పత్రం ఒకటి రాయించి భద్రపరచుకోండి.

బడ్జెట్ వేయడం

మంజూరైన ప్రాజెక్టుల జాబితా చూశారు కాబట్టి మొత్తం ఎంత ఉండాలో మీకు ఇప్పటికే ఒక అంచనా ఉంది. ఆ మొత్తంలో ఎక్కువమంది పొరపాటు పడేది మనుషుల ఖర్చు దగ్గర. 2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోకు) 42,000 రూపాయలు. మూడేళ్ల ప్రాజెక్టులో ఒక్కరిని పెట్టుకుని, రెండేళ్ల తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మార్చితే మొదటి రెండేళ్లకు 8,88,000, మూడో ఏడాదికి 5,04,000, మొత్తం 13,92,000 అవుతుంది. ఊరిని బట్టి ఇచ్చే ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఇది చూడకుండా పాత రేటు వేసి పంపితే, మంజూరైన తరువాత ఆ తేడా కన్సూమబుల్స్ (వాడగా అయిపోయే సామగ్రి) పద్దు నుంచి లాగవలసి వస్తుంది, దానికి అనుమతులు కావాలి. జేఆర్‌ఎఫ్‌గా తీసుకునే అభ్యర్థికి గేట్ లేదా నెట్ వంటి జాతీయ స్థాయి పరీక్ష అర్హత ఉండాలన్న సంగతి కూడా ముందే ఆలోచించాలి, ఎందుకంటే జిల్లా కేంద్రాల్లోని కళాశాలలకు అలాంటి అభ్యర్థులు దొరకడం కష్టం, మొదటి ఏడాది సగం ప్రకటనలకే గడిచిపోతుంది.

పరికరాల విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినంగా ఉంటుంది. పక్క సంస్థలో గంటకు ఇంత అని చెల్లించి వాడుకోగల యంత్రాన్ని ప్రతిపాదనలో కొనుగోలుగా పెట్టవద్దు. అసలు అవసరమైన ఒక్క పరికరానికి కొటేషన్ జతచేసి, అది లేకపోతే ఏ ప్రయోగం ఆగిపోతుందో ఒక వాక్యంలో చెప్పండి. పరిశీలకులు కోత పెట్టాలనుకున్నప్పుడు ఆ వాక్యం దాన్ని కాపాడుతుంది. ప్రయాణం, కంటింజెన్సీ వంటి పద్దులకు పథకమే పరిమితి చెబుతుంది, వాటి మీద ఎక్కువ ఆలోచన అక్కర్లేదు.

తిరస్కరణ, మంజూరు

తిరస్కరణతో పాటు పరిశీలకుల వ్యాఖ్యలు పోర్టల్‌లో కనిపిస్తే వెంటనే డౌన్‌లోడ్ చేసుకుని, నెల రోజులు పక్కన పెట్టి అప్పుడు చదవండి. మొదటి రోజు చదివితే కోపమే మిగులుతుంది. "కొత్తదనం లేదు" అన్న వ్యాఖ్యకు చాలాసార్లు కారణం మనం రాసిన తీరులోనే ఉంటుంది: ఇప్పటివరకు ఎవరు ఏం చేశారో నాలుగు పేజీలు రాసి, మనం చేయబోయేది నాలుగు వాక్యాల్లో ముగించి ఉంటాం. "విధానం స్పష్టంగా లేదు" అంటే నమూనాల సంఖ్య, కొలతల పద్ధతి, ఏ ఫలితం వస్తే తరువాత ఏం చేస్తామన్నది రాయలేదని అర్థం. సరిచేసిన ప్రతిపాదనను అదే పథకానికి మళ్లీ పంపవచ్చు, లేదా మొదట వేసుకున్న ఆ మూడు నాలుగు తలుపుల్లో రెండో దానిని తట్టవచ్చు. అయితే ఒకే పనికి రెండు చోట్ల నుంచి డబ్బు తీసుకోకూడదు కాబట్టి, మరోచోట పరిశీలనలో ఉంటే ఆ సంగతి దరఖాస్తులో తప్పక తెలపాలి.

మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజున దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి, పద్దుల వారీగా మొత్తాలను ఒక పట్టికగా రాసి అకౌంట్స్ విభాగానికి ఒక ప్రతి, స్టోర్స్‌కు ఒక ప్రతి ఇవ్వండి. రెండో ఏడాది విడత రావాలంటే మార్చి 31తో ముగిసే ఆర్థిక సంవత్సరానికి ఖర్చుల పట్టికను, ప్రభుత్వ ఆర్థిక నియమావళి (జీఎఫ్‌ఆర్) 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రాన్ని సమర్పించాలి. గ్రాంటు మీద వడ్డీ వచ్చి ఉంటే దాన్ని కూడా చూపించి ప్రభుత్వానికి తిరిగి జమచేయాలి. ఆర్డరు పెట్టి ఇంకా డబ్బు చెల్లించని పరికరం ఖర్చు కిందికి రాదు, కమిట్‌మెంట్‌గా విడిగా చూపించాలి. ఈ ఒక్క తేడా దగ్గర ధ్రువపత్రాలు వెనక్కి వచ్చి, విడత నెలల తరబడి ఆగి, జేఆర్‌ఎఫ్ జీతం కోసం అధ్యాపకులు ప్రిన్సిపల్ చుట్టూ తిరగడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల పరికరాల ఆర్డర్లను మంజూరైన మొదటి మూడు నెలల్లోనే పెట్టి, జనవరి నాటికి బిల్లులు చెల్లించేలా చూసుకుంటే, మార్చిలో కాగితాల దగ్గర కూర్చోవలసినది ఒక పూట మాత్రమే అవుతుంది.